రాత్రి నిఘా కెమెరాలలో పరారుణ దృష్టి: రాయలసీమ మెట్ట పొలాలలో దాని పరిధి, పరిమితులు

సారాంశం

పొలం కావలికి అమర్చే సాధారణ రాత్రి కెమెరా జంతువుల ఒంటి వేడిని చూడదు. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని తానే వెదజల్లి, తిరిగివచ్చిన భాగంతో చిత్రాన్ని నిర్మిస్తుంది. దాని పరిధి, అమరిక, విద్యుత్ అవసరం, చిత్రంలో పైరు, నేల, జంతువులు కనిపించే తీరు అన్నీ ఈ ఒక్క సూత్రం నుండే వస్తాయి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పరిస్థితులకు ఈ సూత్రాన్ని అన్వయించి, విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు చెప్పదగిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

రాయలసీమ మెట్ట సేద్యంలో రాత్రి కావలి తప్పనిసరి పని. వేరుశనగ కాయ ఊరే దశలో అడవిపందులు మోరతో నేలను తవ్వి కాయలను తింటాయి. రోళ్ళపాడు అభయారణ్యం పరిసరాలలో కృష్ణజింకలు పైర్లను మేస్తాయి. బోరుబావుల వద్ద మోటార్లకు, రాగి తీగలకు దొంగల భయం ఉంటుంది. మంచెపై రాత్రంతా మేల్కొనే రైతుకు నిద్రలేమితో పాటు పాముకాటు ప్రమాదం కూడా ఉంది. కంచెకు అక్రమంగా విద్యుత్ ప్రవాహాన్ని కలపడం మనుషుల ప్రాణాలకే ముప్పు. ఈ పరిస్థితిలో సౌరశక్తితో పనిచేసే కెమెరా ఆకర్షణీయమైన ప్రత్యామ్నాయం. అయితే దాని పరిధి తెలియకుండా అమర్చి, దానిమీద భరోసాతో కావలి మానుకుంటే రైతు పెట్టుబడినీ పంటనూ కూడా కోల్పోవలసి వస్తుంది.

యంత్రంతో రాత్రి పరిశీలన ఈ ప్రాంతానికి కొత్త కాదు. అంతరించిందని భావించిన కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనిపించింది. నిశాచరి అయిన ఆ పక్షి ఉనికిని లంకమల ప్రాంతపు పొదలలో గుర్తించడానికి స్వయంచాలిత కెమెరాలను, పాదముద్రలు పడేలా నేలను చదును చేసిన పట్టీలను వాడిన విధానం 2002లో ఓరిక్స్ పత్రికలో ప్రచురితమైంది. కెమెరాను, నేలపట్టీని జంటగా వాడే ఆ పద్ధతి రైతు పొలానికి కూడా ఉపకరిస్తుంది.

చీకటిలో కాంతి ఎక్కడిది?

మానవ నేత్రం సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని గ్రహిస్తుంది. ఎరుపుకు ఆవల కంటికి కనబడని కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ ఉష్ణమాపకాల సహాయంతో కనుగొన్నాడు. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ దాదాపు 1100 నానోమీటర్ల వరకు స్పందించగలదు. మన కంటికీ సెన్సర్‌కూ మధ్య ఉన్న ఈ అంతరమే రాత్రి కెమెరాకు ఆధారం.

కటకం చుట్టూ అమర్చిన ఎల్ఈడీలు సాధారణంగా 850 లేదా 940 నానోమీటర్ల వద్ద కాంతిని వెలువరిస్తాయి. 850 రకం దీపాలు దగ్గరగా చూస్తే మసక ఎరుపు చుక్కలుగా కనిపిస్తాయి. 940 రకం కంటికి కనబడదు. కానీ ఆ తరంగదైర్ఘ్యం వద్ద సిలికాన్ స్పందన తక్కువ కనుక, అంతే శక్తిగల దీపంతో చేరగల దూరం తగ్గుతుంది. దొంగకు కనబడకూడదంటే 940, విశాలమైన పొలాన్ని చూడాలంటే 850 తగినది.

పగలు పరారుణ కాంతి సెన్సర్‌ను చేరితే రంగులు చెడిపోతాయి. అందువల్ల సెన్సర్ ముందు పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది. వెలుతురు తగ్గగానే చిన్న మోటారు ఆ ఫిల్టర్‌ను పక్కకు జరుపుతుంది. సంధ్యవేళ కెమెరాలో వినిపించే చిన్న శబ్దం ఇదే. సెన్సర్‌పై ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల అద్దకాలు ఈ పరారుణ కాంతిని దాదాపు సమానంగా పోనిస్తాయి. కనుక రంగుల తేడా తెలియక చిత్రం నలుపు తెలుపులలో వస్తుంది.

ఉష్ణ కెమెరాతో భేదం

సుమారు 37 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల వస్తువు నుండి వెలువడే వికిరణం 9 మైక్రోమీటర్ల, అంటే 9000 నానోమీటర్ల, ప్రాంతంలో గరిష్ఠంగా ఉంటుంది. 1100 వద్దనే ఆగిపోయే సిలికాన్‌కు అది అందదు. ఆ వికిరణాన్ని చూసే ఉష్ణ కెమెరాలకు వేరే సెన్సర్, జెర్మేనియం వంటి పదార్థంతో చేసిన కటకం అవసరం, కనుక వాటి ధర అధికం. పలుచటి గడ్డి మాటున ఉన్న జంతువు ఒంటి వేడి ఉష్ణ కెమెరాకు కొంత అందవచ్చు. సాధారణ రాత్రి కెమెరాకు గడ్డి నుండి తిరిగివచ్చిన కాంతి మాత్రమే కనిపిస్తుంది.

చిత్రంలో పైరు, నేల, జంతువు

పత్రహరితం ఎరుపు కాంతిని శోషిస్తుంది కాని సమీప పరారుణాన్ని శోషించదు. ఆకు లోపలి కణాల గోడలకూ గాలి ఖాళీలకూ మధ్య ఆ కాంతి చెదిరి, అందులో సగానికి దగ్గరగా వెనుకకు వస్తుంది. ఉపగ్రహ చిత్రాలలో పైరు పచ్చదనాన్ని అంచనా వేసే వృక్ష సూచికకు ఆధారమైన ధర్మం ఇదే. రాత్రి కెమెరాలో వేరుశనగ, కంది పైర్లు తెల్లగా కనబడటానికి కారణం కూడా ఇదే. ఎండిన చొప్ప సైతం పరారుణాన్ని బాగానే తిప్పికొడుతుంది. కనుక తెల్లదనాన్ని చూసి పైరు ఆరోగ్యాన్ని నిర్ణయించరాదు.

నంద్యాల ప్రాంతపు నల్లరేగడి ఎర్రనేలల కంటే తక్కువ పరారుణాన్ని పరావర్తనం చేస్తుంది. ఒకే కెమెరా ఎర్రనేలలో చూపినంత స్పష్టమైన నేపథ్యాన్ని శనగ విత్తిన కొత్తలో నల్లరేగడి చేనులో చూపలేకపోవచ్చు.

జింక, నక్క, కుక్క, పశువుల రెటీనా వెనుక కాంతిని తిప్పికొట్టే పొర ఉండటంతో వాటి కళ్ళు చిత్రంలో జ్వలిస్తాయి. పంది కంటిలో ఆ పొర లేదు. మెరిసే కళ్ళ కోసం మాత్రమే వెదికేవారు పందుల మందను గమనించకపోవచ్చు. నల్లని నూలు వస్త్రం సైతం అద్దకాన్ని బట్టి తెల్లగా కనబడవచ్చు. కనుక రాత్రి చిత్రాన్ని చూసి దొంగ దుస్తుల రంగు చెప్పడం సరికాదు.

దూరం లెక్క

కెమెరా దీపపు వెలుగు దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. 10 మీటర్ల వద్ద వెలుగును 1గా తీసుకుంటే 20 మీటర్ల వద్ద నాల్గవ వంతు, 30 మీటర్ల వద్ద తొమ్మిదవ వంతు మాత్రమే అందుతుంది. 10 మీటర్ల పరిధిని 30కి పెంచాలంటే తొమ్మిది రెట్ల కాంతి కావాలి.

వెలుగు చాలినా వివరం చాలదు. 90 డిగ్రీల దృష్టికోణం గల కెమెరా 30 మీటర్ల దూరంలో 60 మీటర్ల వెడల్పును చూస్తుంది. అడ్డంగా 1920 పిక్సెళ్ళు ఉంటే మీటరుకు 32 మాత్రమే దక్కుతాయి. 1.2 మీటర్ల పొడవున్న పందికి సుమారు 38 పిక్సెళ్ళు వస్తాయి; జంతువు ఉన్నదని గుర్తించడానికి ఇవి సరిపోతాయి. 16 సెంటీమీటర్ల వెడల్పు గల మనిషి ముఖానికి 5 పిక్సెళ్ళే వస్తాయి. మనిషిని పోల్చుకోవడం సాధ్యం కాదు. కనుక పొలమంతటినీ ఒక కెమెరాతో చూడాలనుకోవడం కంటే జంతువు వచ్చే దారిలో, బోరు షెడ్డు ద్వారం వద్ద దగ్గరగా అమర్చడం ప్రయోజనకరం.

వేసవిలో చలన సెన్సర్ వైఫల్యం

అడవిలోనూ పొలంలోనూ వాడే అనేక కెమెరాలు విద్యుత్ ఆదా కోసం నిద్రావస్థలో ఉండి, చలన సెన్సర్ సంకేతమిచ్చినప్పుడే మేల్కొంటాయి. ఈ సెన్సర్ మాత్రం ఉష్ణ పరారుణంపై ఆధారపడుతుంది. జంతువు ఒంటికీ నేపథ్యానికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదం దాని ముందు కదిలినప్పుడు అది స్పందిస్తుంది.

ఈ జిల్లాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుతుంది. బట్టనేల అంతకంటే వేడెక్కుతుంది. సాయంత్రం నేల చల్లబడుతూ జంతువు ఒంటి ఉష్ణోగ్రతకు సమానమయ్యే సమయం ఒకటి వస్తుంది. అప్పుడు జంతువు ఎదురుగా నడిచినా సెన్సర్ మేల్కొనకపోవచ్చు. పందులు మేతకు బయలుదేరేది కూడా పొద్దుగుంకిన తరువాతే. రాత్రంతా చిత్రం లేనంత మాత్రాన జంతువు రాలేదని భావించరాదు.

విస్తరణ సూచనలు

1. కెమెరా ఎదుట, జంతువుల దారికి అడ్డంగా మెత్తని మట్టిపట్టీని చదును చేయాలి. ప్రతి ఉదయం పాదముద్రలను చిత్రాలతో సరిపోల్చాలి. అడుగులుండి చిత్రం లేని రాత్రుల సంఖ్యయే ఆ పొలంలో ఆ కెమెరా వైఫల్యానికి కొలమానం.

2. జంతువు కెమెరా వైపు నేరుగా రావడం కంటే అడ్డంగా దాటేలా అమర్చితే చలన సెన్సర్ బాగా స్పందిస్తుంది.

3. దుమ్ము, సాలెగూడు, పురుగులు, దగ్గరి కొమ్మలు దీపపు కాంతిని కటకంలోకే తిప్పికొట్టి చిత్రాన్ని తెల్లబరుస్తాయి. మెట్ట ప్రాంతపు దుమ్ము దృష్ట్యా కటకాన్ని తరచుగా మెత్తని గుడ్డతో తుడవాలి.

4. సౌరఫలకాన్ని, బ్యాటరీని రాత్రి వినియోగాన్ని బట్టి ఎంచుకోవాలి. ఉదాహరణకు నిరంతరం పనిచేసే కెమెరా పగలు 3 వాట్లు, దీపాలతో రాత్రి 6 వాట్లు వాడితే, చెరి 12 గంటలకు రోజుకు 108 వాట్-గంటలు అవసరం. 12 వోల్టుల, 20 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 240 వాట్-గంటలున్నా, మన్నిక కోసం సగమే వాడదగినది. మబ్బు పట్టిన మరునాటికి అది చాలదు.

5. పంట నష్టం నివేదించవలసి వచ్చినప్పుడు ఆధారంగా ఉండేందుకు కెమెరాలో తేదీ, సమయం సరిగా నమోదయ్యేలా చూడాలి.

ముగింపు

రాత్రి కెమెరా తన దీపం వెలిగించినంత మేరకే చూస్తుంది. ఏ జంతువు, ఏ వేళకు, ఏ దిక్కు నుండి వస్తున్నదో తెలిపి, కంచె ఎక్కడ బిగించాలో, కావలి ఏ గంటలకు అవసరమో నిర్ణయించుకోవడానికి అది తోడ్పడుతుంది. జంతువును ఆపే శక్తి దానికి లేదు. క్షేత్రస్థాయి ప్రదర్శనలలో 10, 20, 30 మీటర్ల వద్ద ఒక మనిషిని నిలబెట్టి రాత్రి చిత్రాలను రైతులకు చూపితే, కొనుగోలుకు ముందే వారు దాని హద్దును తమ కళ్ళతో తెలుసుకోగలరు. నేలపట్టీ లెక్కలను ఎర్రనేలలలోనూ నల్లరేగడిలోనూ, వేసవిలోనూ చలికాలంలోనూ విడివిడిగా నమోదు చేయడం విద్యార్థుల పరిశోధనకు తగిన అంశం.