మౌంటెన్ బైకు: పత్రికల బొమ్మ, సామాన్యుని బాట

మౌంటెన్ బైకు పత్రికలు చూపునదియు, సామాన్యులు తొక్కునదియు ఒకటేనా యని మనము విచారింతము.

ఈ క్రీడ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కొండలలో రూపుదాల్చినది. 1976లో అచట ఆరంభమైన ‘రీప్యాక్’ పందెమున యువకులు తొక్కినవి లావు టైర్ల పాత సైకిళ్లే. దిగుడుదారిలో బ్రేకు వేడికి చక్రపు ఇరుసులోని గ్రీజు కాలిపోయెడిది. దానిని మరల నింపవలసి వచ్చుటచేతనే పందెమునకు ఆ పేరు కలిగినది.

నేడు కన్నులను కట్టివేయు చిత్రములు వేరు. 2001లో యూటా రాష్ట్రమున మొదలైన ‘రెడ్ బుల్ ర్యాంపేజ్’ వంటి పోటీలలో వీరులు కొండకొమ్ముల నుండి దుముకుదురు. అట్టి దుముకులకు దృఢమైన చట్రము, మిక్కిలిగా కదలు స్ప్రింగులు కావలెను. అడవిబాటలో నెమ్మదిగా ఎక్కు సామాన్యునికి ఆ బలమే బరువగును, ఆ వెలయే భారమగును.

సాహసమును మెచ్చుకొందము, సైకిలు కొనునపుడు మాత్రము బొమ్మను గాక మన బాటను చూతము.