చవక షేరుకు మొలక పరీక్ష

మా ఇంట్లో విత్తనాల సంచి విప్పిన రోజే చేలో చల్లరు. ముందు ఓ వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో పరిచి, చుట్టచుట్టి నీడన పెడతారు. కొన్ని రోజుల తరవాత విప్పి చూస్తారు. తొంభై మొలిస్తే సంతోషం. అరవయ్యే మొలిస్తే ఆ సంచి తిరిగి కొట్టుకు పోవలసిందే. సంచి మీద బొమ్మ ఎంత నిగనిగలాడినా, కొట్టువాడు ఎన్ని ఒట్లు పెట్టినా మా నాన్నగారికి పట్టదు. గోనెపట్టా చెప్పిందే మాట.

ఇంత జాగ్రత్త గల ఇంట్లోనే, మా చిన్నాన్న కిందటేడు మిరపకాయలు అమ్మిన డబ్బులోంచి 60,000 రూపాయలు తీసి ఒక కంపెనీ షేర్లలో పెట్టాడు. షేరు వెల నాలుగు రూపాయలు. కంపెనీ పేరులో "గ్రీన్ ఎనర్జీ" అని ఉంది. సెల్‌ఫోనులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు నడిపే బృందంలో సలహా వచ్చింది: వెయ్యి మెగావాట్ల సోలారు ఒప్పందం రాబోతోంది, నాలుగు రూపాయలది నలభై అవుతుంది అని.

"ఒరేయ్, నాలుగు రూపాయలే! టీ నీళ్లకన్నా చవక. పదిహేను వేల షేర్లు వచ్చాయిరా" అన్నాడు ఫోనులో, ఎకరం పొలం కొన్నంత సంబరంగా.

ఎనిమిది రోజుల్లో అది ఆరు రూపాయల దగ్గరికి చేరింది. ఆ తరవాత రోజూ అయిదు శాతం చొప్పున పడసాగింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. పొద్దున్నే అమ్మకానికి పెట్టడం, సాయంత్రానికి అమ్ముడు పోలేదని చూసుకోవడం. ఇరవై ఏడో రోజున ఒకటిన్నర రూపాయికి వదిలించుకున్నాడు. చేతికి 22,500 వచ్చాయి. బోరుకు కొత్త మోటారు కొందామనుకున్న డబ్బు అది.

సెలవులకు వెళ్లినప్పుడు నేను కొంచెం తెలివి ప్రదర్శించబోయాను. ఆయన ఒక్కమాటే అన్నాడు: "గింజలకైతే గోనెపట్టా ఉంది. దీనికేముందిరా?"

ఆ ప్రశ్నకు నేను వెతికి తెచ్చిన జవాబే ఈ వ్యాసం.

వెల వేరు, విలువ వేరు

మొదట "చవక" అనే మాట చూద్దాం. ఎకరం పొలం ఉందనుకోండి. ఎకరానికి 100 సెంట్లు, లేదా 4,840 గజాలు. గజం 500 రూపాయలంటే "ఓస్, అంతేనా" అనిపిస్తుంది. సెంటు 24,200 అంటే ఆలోచిస్తాం. ఎకరం 24 లక్షల 20 వేలు అంటే గుండె దడదడలాడుతుంది. మూడూ ఒకే పొలం, ఒకే ధర. కొలత మారిందంతే.

షేరు కూడా కంపెనీలో ఒక గజమే. నాలుగు రూపాయల షేరు చవకో ఖరీదో ఆ నాలుగును చూసి చెప్పలేం. మొత్తం షేర్లెన్నో తెలిసి, వాటితో వెలను గుణిస్తే తెలుస్తుంది. మా చిన్నాన్న కొన్న కంపెనీకి దాదాపు 100 కోట్ల షేర్లున్నాయి. అంటే బజారు దానికి కట్టిన ఖరీదు 400 కోట్లు. దాని వార్షిక నివేదిక తెరిచి చూస్తే ఆ ఏడాది మొత్తం అమ్మకాలు మూడు కోట్లు కూడా లేవు. సోలారు పలక ఒక్కటి లేదు. అంతకుముందు బట్టల వ్యాపారం చేసి పేరు మార్చుకున్న కంపెనీ అది. ఇది చవకా? గజం లెక్కన కొని, ఎకరం ఎంత పడిందో చూసుకోకపోవడం.

ధరను ఎక్కించేవారు

ఇలాంటి షేర్ల కథ సాధారణంగా ఒకే తీరున నడుస్తుంది. రోజూ కొద్దిపాటి బేరాలే జరిగే షేరును కొందరు కూడబలుక్కొని ముందుగా కొనిపెట్టుకుంటారు. తమలో తామే కొంటూ అమ్ముతూ వెల పెంచుతారు. ఆ తరవాత ప్రచారం మొదలవుతుంది. పెరుగుతున్న వెలను చూసి జనం ఎగబడతారు. జనం కొంటున్నప్పుడు అమ్మేది ఎవరు? మొదట కొనిపెట్టుకున్నవారే. వారి సరుకు అయిపోయాక కొనేవాడు మిగలడు.

ఇది ఊహ కాదు. 2022లో సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న కంపెనీని అదానీ వర్గం కొనబోతోందంటూ యూట్యూబులో అబద్ధపు ప్రచారం జరిగింది. దానిపై 2023 మార్చిలో సెబీ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, 31 మందిని షేర్ల బజారులోకి రాకుండా నిలిపివేసింది. ఆ ప్రచార కాలంలో చిన్న వాటాదారుల సంఖ్య 2,167 నుంచి 55,343కు పెరిగిందని ఆ ఉత్తర్వులోనే ఉంది. ఒక్కొక్క అంకె వెనకా ఒక్కొక్క ఇల్లు ఉందని గుర్తుంచుకోవాలి.

రోజుకు ఇంతకంటే ఎక్కువ పడకూడదు, పెరగకూడదు అని షేర్లకు హద్దు పెడతారు. దాన్నే సర్క్యూట్ అంటారు. అది మనల్ని కాపాడే కట్ట అని చాలామంది నమ్మకం. కాని కొనేవాడు లేనప్పుడు అది తలుపుకు గడియ. రోజుకు అయిదు శాతమే కదా అనుకుంటే పొరబాటు. 0.95ను ఇరవైసార్లు గుణించి చూడండి: 0.36 వస్తుంది. ఇరవై రోజుల్లో వందకు 64 రూపాయలు ఆవిరి. పైగా వందది పదికి పడ్డాక తిరిగి వంద కావాలంటే పదిరెట్లు పెరగాలి. పడటానికీ లేవటానికీ లెక్క ఒకటి కాదు.

కరెంటు పేరు చెబితే

మరి ఈ ఆశలకు కరెంటు, సోలారు, గాలిమర అనే పేర్లే ఎందుకు అంతగా అతుక్కుంటాయి? కరెంటు అవసరం పెరుగుతుందన్నది అందరికీ తెలిసిన నిజం గనుక. అబద్ధాన్ని అమ్మాలంటే దాన్ని ఒక నిజానికి కట్టడం మంచి ఉపాయం. కాని గిరాకీ పెరగడం వేరు, కంపెనీకి లాభం రావడం వేరు. ఆ లాభం మన వాటాకు దక్కడం మరీ వేరు.

మెగావాటు అనే మాటనే తీసుకోండి. ఒక మెగావాటు యంత్రం రోజంతా పూర్తి శక్తితో నడిస్తే 24,000 యూనిట్లు రావాలి. సోలారుకు రాత్రి ఉంది, మబ్బు ఉంది. మన ఎండలకు రోజుకు సగటున నాలుగు, అయిదు వేల యూనిట్లు వస్తాయి. నాలుగున్నర వేలు అనుకుని, యూనిట్‌కు రెండున్నర రూపాయలు వేసుకుంటే (ఇటీవలి వేలాల్లో ధర ఆ చుట్టుపక్కలే ఉంటోంది) ఏడాదికి దాదాపు 41 లక్షలు. అందులోంచే అప్పు, వడ్డీ, జీతాలు, మరమ్మతులు. "వెయ్యి మెగావాట్లు" అన్న కేక వినగానే ఇంత లెక్క వెయ్యాలి. అది కట్టినదా, కడుతున్నదా, కాగితం మీదిదా అని కూడా అడగాలి.

మోసం లేని చోట కూడా ఆశ మునుగుతుందనడానికి మన తీరంలోనే ఉదాహరణ ఉంది. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ షేర్లు జనానికి అమ్మకానికి వచ్చాయి. చిన్న మదుపుదారులకు షేరు 430 రూపాయలు. 28,000 మెగావాట్లకు పైగా కడతామని ప్రణాళిక. అప్పటికి ఆ కంపెనీది ఒక్క కేంద్రం కూడా కరెంటు ఉత్పత్తి చేయడం లేదు. మన పెద్దలు "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నది ఇందుకే. అయినా దరఖాస్తులు 73 రెట్లు వచ్చాయి. ఫిబ్రవరి 11న బజారులో బేరాలు మొదలైన తొలిరోజే 372 రూపాయల 50 పైసల దగ్గర ముగిసింది. తరవాత అయిదు షేర్లకు మూడు బోనసు ఇచ్చారు. అది కలుపుకున్నా చిన్నవాడికి పడిన ఖరీదు షేరుకు సుమారు 269. 2020 మార్చిలో ఆ షేరు రెండు రూపాయల లోపుకు దిగింది.

ఆ ప్రణాళికలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర 4,000 మెగావాట్ల కేంద్రం ఒకటి. యూనిట్ 2 రూపాయల 33 పైసలకు ఇస్తామని 2007లో పోటీలో గెలుచుకున్నారు. బొగ్గు ఇండోనేషియా నుంచి రావాలి. 2010లో ఆ దేశం ఎగుమతి బొగ్గు ధరను అంతర్జాతీయ ధరకు ముడిపెట్టింది. లెక్క తలకిందులైంది, పని ఆగిపోయింది, కేంద్రం కట్టనే లేదు. (అదే ప్రాంతంలో నడుస్తున్న జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య కేంద్రం వేరు.) అదే కంపెనీ మధ్యప్రదేశ్‌లో సాసన్ దగ్గర 3,960 మెగావాట్ల కేంద్రం కట్టిన మాట కూడా చెప్పాలి. దీనిని దొంగతనం అనలేం. కాని సముద్రం అవతల మారిన ఒక నిబంధన మన ఊళ్లో షేరు కొన్నవాడి ఇంటిని తాకగలదని దీనివల్ల తెలుస్తుంది.

సున్నకు కింద కూడా మెట్లున్నాయి

"షేరు పోతే పెట్టినంతే పోతుంది, చమురైతే ఎప్పటికీ ధర ఉంటుంది" అనే ధైర్యవంతులూ ఉన్నారు. వారు 2020 ఏప్రిల్ 20ని గుర్తు చేసుకోవాలి. కరోనా వల్ల వాహనాలు ఆగాయి. చమురుకు వాడకం పడిపోయింది. అమెరికాలో మే నెల ముడిచమురు ఒప్పందం గడువు దగ్గరపడింది. కొన్నవారు సరుకు తీసుకోవలసిన చోటు ఓక్లహోమాలోని కుషింగ్. అక్కడ తొట్లలో చోటు దొరకడం లేదు. దాంతో "డబ్బు ఎదురిస్తాం, ఈ ఒప్పందం తీసుకోండి" అనే స్థితి వచ్చింది. ఆ రోజు పీపా ధర మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది.

మన ఎం.సి.ఎక్స్. ఒప్పందం ఆ ధరనే అనుసరిస్తుంది. లాక్‌డౌన్ వల్ల మన బజారు సాయంత్రం 5 గంటలకే మూసేశారు. అమెరికాలో ధర సున్న దాటి కిందికి పోయేసరికి మనవాళ్లకు బయటపడే దారి లేదు. చివరికి పీపాకు మైనస్ 2,884 రూపాయల వద్ద లెక్క తేల్చారు. ఒక లాటుకు 100 పీపాలు. పీపా 1,000 రూపాయలకు ఒక లాటు కొన్నవాడు, పోతే లక్ష పోతుందనుకున్నాడు. పోయినది 3 లక్షల 88 వేల 400. సున్న దగ్గర నేల ఉందనుకున్నవాడికి అక్కడ నుయ్యి ఎదురైంది.

మరి గోనెపట్టా ఏది?

మా చిన్నాన్న అడిగినది ఇదే. నాకు దొరికిన గోనెపట్టా ఈ అయిదు ప్రశ్నలు:

1. మొత్తం షేర్లను వెలతో గుణిస్తే ఎంత? దాని ముందు కంపెనీ అమ్మకం ఎంత, లాభం ఎంత, అప్పు ఎంత?

2. చెబుతున్న వార్త స్టాక్ ఎక్స్చేంజికి కంపెనీ ఇచ్చిన ప్రకటనల్లో ఉందా? ముఖ్యమైన సంగతులను కంపెనీ అక్కడ తెలపాలన్నది నియమం. ఆ ప్రకటనలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

3. కంపెనీ యజమానుల వాటా పెరుగుతోందా, తరుగుతోందా, తాకట్టులో ఉందా? రైతే తన విత్తనం చల్లుకోకపోతే మనమెందుకు చల్లాలి?

4. రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి? రేపు నేను అమ్మాలంటే కొనేవాడున్నాడా?

5. ఇది నాకు చెబుతున్నవాడికి ఏమిటి లాభం? నిజంగా నలభై అయ్యేదైతే అప్పుచేసి తానే కొనక, ఊరందరినీ ఎందుకు పిలుస్తున్నాడు?

ఇవి ఎవరూ దాచిన రహస్యాలు కావు. ఒక సాయంత్రం ఓపిక పట్టి చూస్తే దొరికేవే.

"అలా అనుమానిస్తూ కూర్చుంటే సుజ్లాన్ వంటిది చేజారిపోదా?" అని మా హాస్టలు మిత్రుడొకడు వాదించాడు. నిజమే, గాలిమరల కంపెనీ సుజ్లాన్ 2020లో రెండు రూపాయల లోపుకు పడి, 2024లో 80 దాటింది. కాని అదే షేరు 2008 జనవరిలో నాలుగు వందలు దాటి ఉండేది. అప్పుడు కొన్నవాడికి 80 అంటే అయిదో వంతు. పైగా లేచినది ఒక్కటే కథగా మిగిలింది. లేవనివాటికి కథ చెప్పేవారు లేరు. మొలిచిన గింజలనే లెక్కపెట్టి నూటికి నూరు అనడం ఏ ప్రయోగశాలలోనూ ఒప్పుకోరు.

షేర్లే వద్దని నేననడం లేదు. నిజంగా కరెంటు కేంద్రాలు కట్టేవారికి పెట్టుబడి కావాలి. కాని పెద్దవాడికి నష్టం ఒక అంకె. చిన్నవాడికి అది బోరు మోటారు, చెల్లెలి ఫీజు. పెద్దవాడికి సలహాదారులుంటారు. మనకున్నది అనుమానం ఒక్కటే. అది పిరికితనం కాదు, మన పెట్టుబడిలో మొదటి రూపాయి. సైన్సు చదువుతున్న మనం దాన్ని పరీక్ష హాలులో వదిలి ఇంటికి పోకూడదు. అన్నదమ్ములకూ, ఇరుగుపొరుగుకూ పంచాలి.

ఈ సంక్రాంతికి ఆ అయిదు ప్రశ్నలూ ఒక తెల్లకాగితం మీద రాసి చిన్నాన్నకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే ఆ కాగితం కొట్టంలో, విత్తనాల సంచుల పైన, గోడకు అంటించి ఉంది.