పాత ట్రక్కుకు కొత్త ఇంజను

పాత వాహనాన్ని బాగుచెయ్యటానికి రెండు మార్గాలున్నాయి. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా వుందో అచ్చం అలాగే, అదే రంగుతో, అదే బోల్టులతో నిలబెట్టటం ఒకటి. పైరూపు అలాగే వుంచి, లోపల ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షను, బ్రేకులు ఈ కాలానివి అమర్చటం రెండోది. అమెరికాలో ఈ రెండో పద్ధతిని 'రెస్టోమాడ్' అంటారు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లోనూ, థియరీ ఆఫ్ మెషీన్స్‌లోనూ మనం విడివిడిగా చదువుకుని, పరీక్ష కాగానే మరచిపోయే అధ్యాయాలన్నీ ఇక్కడ ఒకే బండి కింద ఎదురవుతాయి. ఈ వ్యాసానికి కారణం అదే.

ఉదాహరణకు ఒక్క బండినే తీసుకుందాం. షెవర్లే వారు 1947 వేసవిలో విడుదల చేసి, 1955 మొదటి నెలల వరకు తయారుచేసిన 'అడ్వాన్స్ డిజైన్' ట్రక్కుల్లో అరటన్ను రకం పికప్పు, పేరు 3100. గుండ్రని బానెట్టు, 1953 వరకు దాని కింద అయిదు అడ్డపట్టీల గ్రిల్లు, ఉబ్బెత్తు మడ్‌గార్డులు. పాత అమెరికన్ సినిమాలు చూసినవారికి ఆ ముఖం పరిచయమే. షెవర్లే పేరు మన పెద్దలకూ కొత్తది కాదు. బొంబాయిలోని శివ్డీలో 1928లో మొదలైన జనరల్ మోటార్స్ కర్మాగారం 1954 వరకు ఆ పేరుతో బండ్లు బిగించి అమ్మింది. అయితే పాత పికప్పులకు ఇంజన్లు మార్చే ముచ్చట ప్రధానంగా అమెరికాది కనుక మన పరిశీలన కూడా అక్కడే సాగాలి.

ఆ బండి స్వభావం ముందు తెలియాలి. ఇంజను వరుస ఆరు సిలిండర్లది, 216.5 ఘనపుటంగుళాలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. శక్తి 90 హార్సుపవరు. కనెక్టింగు రాడ్ల బేరింగులు బాబిట్ లోహంతో పోత పోసినవి. వాటికి పంపు వత్తిడితో నూనె అందదు. రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటిది వుండి, తిరిగేటప్పుడు నూనెను అదే అందుకోవాలి. గంటల తరబడి ఉరికించటానికి చేసిన ఇంజను కాదది. వెనక ఇరుసు నిష్పత్తి 4.11. ముందు ఒకే ముక్క ఇరుసు, నాలుగు చక్రాలకూ మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలనే లీఫ్ స్ప్రింగులు. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. మాస్టరు సిలిండరుకు ఒకే అర. అదీ డ్రైవరు కాళ్ళ కింద, ఫ్లోరు అడుగున. కరెంటు 6 ఓల్టులు. 1949 నుంచి పెట్రోలు టాంకు సీటు వెనక, క్యాబిన్ లోపలే! ఇదంతా చెప్పి దాన్ని చిన్నబుచ్చాలని కాదు. గంటకు 45 మైళ్ళ వేగంతో గడ్డీ గింజలూ మోసే బండికి ఆ లెక్కలన్నీ ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. ఒక్కటి మార్చామంటే మిగిలినవన్నీ మళ్ళీ వేసుకోవలసిందే.

కొత్త ఇంజనుగా ఎక్కువమంది ఎంచుకునేది 1999 నుంచి షెవర్లే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల వి-8. పాత బండ్లు విప్పి అమ్మే యార్డుల్లో తేలిగ్గా దొరుకుతుంది, గట్టిది కూడాను. తయారైన సంవత్సరాన్నిబట్టి శక్తి 270 నుంచి 295 హార్సుపవరు. టార్కు పాతదానికి 174 పౌండు-అడుగులైతే దీనికి 315, ఆపైన. దాన్ని కొని తెచ్చి షెడ్డులో పెట్టుకోవటంతోనే చాలామంది పని మొదలెడతారు. నా దృష్టిలో అది చివర కొనవలసిన వస్తువు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది.

బండి, మనిషి కలిపి 1500 కిలోలనుకుందాం. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో హెచ్చిస్తే చలనశక్తి 3 లక్షల జౌళ్ళు. గంటకు 108 కిలోమీటర్ల దగ్గర అదే 6 లక్షల 75 వేలు. వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకులు మింగవలసిన వేడి రెండుంబావు రెట్లయిందన్నమాట. డ్రమ్ము వేడెక్కితే దాని వ్యాసం పెరిగి లైనింగుకు దూరమవుతుంది. లైనింగు పట్టు తగ్గుతుంది. పెడలు నేలదాకా దిగుతుంది. పైగా మాస్టరు సిలిండరుకు ఒకే అర కనుక ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. స్టీరింగు స్తంభం చూస్తే ఒకే కడ్డీలా సూటిగా డ్రైవరు గుండెకేసి వుంటుంది. గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయే స్తంభాలు జనరల్ మోటార్స్ కార్లలో వచ్చింది 1967 మోడలుతో. ఇటువంటి బండికి మూడు రెట్ల శక్తి పెట్టటం సరదా విషయం కాదు.

కనుక ముందు బ్రేకులు. ముందు చక్రాలకు డిస్కులు, రెండు అరల మాస్టరు సిలిండరు వెయ్యాలి. బ్రేకు పడగానే బరువు ముందుకు వాలుతుంది. పికప్పు వెనక తొట్టి ఖాళీగా వుంటే వెనక చక్రాలమీద మిగిలే బరువు బహు తక్కువ. అవి ముందుగా బిగుసుకుపోయాయంటే బండి గిర్రున తిరిగిపోతుంది. అందుకే వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి ఆ వత్తిడి తగ్గించాలి. ఇంకొక సంగతి. మాస్టరు సిలిండరు పాతచోటే, ఫ్లోరు కిందే వుంచితే అది డిస్కు కాలిపర్లకంటే దిగువన పడవచ్చు. అప్పుడు ఆయిలు నెమ్మదిగా వెనక్కి జారుతుంది, మొదటి తొక్కుకు బ్రేకు అందదు. 2 పౌండ్ల వత్తిడిని నిలిపివుంచే చిన్న వాల్వు ఒకటి ఆ లైనులో వేస్తే సరిపోతుంది. దాని ధర ఏపాటిది? కాని మరచిపోయేదీ అదే.

ఇక ముందు సస్పెన్షను. ఒకే ముక్క ఇరుసులో ఒక చక్రం గతుకెక్కితే రెండో చక్రం కూడా వాలుతుంది. కమాను వంగినప్పుడు ఇరుసు ఒక వంపులో కదిలితే స్టీరింగు రాడ్డు మరొక వంపులో కదులుతుంది. రెండూ కలవనప్పుడు మనం తిప్పకుండానే చక్రం కాస్త తిరుగుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్నే బంప్ స్టీర్ అంటాయి. 45 మైళ్ళ దగ్గర చేత్తో సర్దుకుంటాం. 70 దగ్గర సర్దుకోవటానికి వ్యవధి వుండదు. దీనికి ప్రసిద్ధమైన మందు ఫోర్డు వారి 1974-78 నాటి మస్టాంగ్-2 కారు ముందుభాగపు నమూనా. పైన పొట్టి ఆర్ము, కింద పొడుగు ఆర్ము, మధ్య కాయిల్ స్ప్రింగు, రాక్ అండ్ పినియన్ స్టీరింగు. ఇదంతా ఒక్క అడ్డదూలం మీద ఇమిడిపోవటం వల్ల ఆ దూలాన్ని ఏ పాత ఫ్రేముకైనా వెల్డు చెయ్యవచ్చునని కనిపెట్టారు. ఆ కారు రోడ్లమీద అరుదైపోయినా దాని సస్పెన్షను మాత్రం కిట్ల రూపంలో ఇంకా అమ్ముడవుతూనే వుంది.

అయితే కిట్టు కొన్నంతమాత్రాన జామెట్రీ రాదు. రాక్ చివరి కీలు, పై కింది ఆర్ముల లోపలి కీళ్ళను కలిపే గీత మీద పడాలి. టై రాడ్డును ఊహలో పొడిగిస్తే, రెండు ఆర్ములను పొడిగించిన గీతలు కలిసే బిందువు దగ్గరికే అదీ చేరాలి. దూలాన్ని ఒక అంగుళం ఎత్తుగానో వంకరగానో అతికిస్తే వదిలించుకున్నామనుకున్న బంప్ స్టీర్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అసలు మస్టాంగ్-2లో కింది ఆర్ము సన్నని ఒంటి ముక్క. బ్రేకు వేసినప్పుడు అది వెనక్కి పోకుండా ఒక స్ట్రట్ రాడ్డు ఫ్రేముకు కట్టి వుంచేది. కొన్ని చౌక కిట్లు ఆ రాడ్డు తీసేసి ఆర్మును మాత్రం అలాగే వదిలేస్తాయి. రాడ్డు లేనప్పుడు ఆర్ము వెడల్పాటి త్రికోణంగా వుండి తీరాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఫ్రేము. కమాన్ కట్ట బరువును రెండు చివర్ల రెండు చోట్ల ఫ్రేముకు అందిస్తుంది. కొత్త దూలం ఆ బరువంతా ఒకేచోట దింపుతుంది, దానితోబాటు మెలితిప్పే బలం కూడా. పాత ఫ్రేము నిలువుపట్టీలేమో 'సి' ఆకారపు చానెళ్ళు. తెరిచివున్న చానెలు మెలికకు ఎంత బలహీనమో లెక్కవేసి చూడండి. ఉదాహరణగా 150 మిల్లీమీటర్ల ఎత్తు, 50 వెడల్పు, 3 మందం గల చానెలు తీసుకుంటే, పొడవు మొత్తాన్ని మందం ఘనంతో హెచ్చించి మూడుతో భాగిస్తే టార్షను స్థిరాంకం 2,250. నాలుగోవైపు అదే మందం పలక వేసి పెట్టెలా మూసేస్తే సూత్రమే మారిపోతుంది. నాలుగు రెట్ల వైశాల్య వర్గాన్ని మందంతో హెచ్చించి చుట్టుకొలతతో భాగించాలి. జవాబు సుమారు 16 లక్షల 87 వేలు, అంటే 750 రెట్లు! ఒక్క పలకతో వచ్చిన తేడా ఇది. అందుకే దూలం అతికేచోట ఫ్రేమును పెట్టెకట్టటం తప్పనిసరి.

అలాగని ఉత్సాహపడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా మూసేయటం నాకు నచ్చదు. ఆ ఫ్రేము కొంత మెలితిరుగుతుందనే ఉద్దేశంతోనే క్యాబిన్ని రబ్బరు దిమ్మలమీద కూర్చోబెట్టారు. ముందుభాగం మూసి, పలక చివరను నిటారుగా తెగ్గొయ్యకుండా చేపతోకలా చీల్చి సన్నగా ముగించాలి. లేకపోతే బిగువు నుంచి మెత్తదనానికి మారే ఆ గీత దగ్గరే కొన్నేళ్ళకు బీట పుడుతుంది. వెల్డింగు కూడా ఒకే ఊపున పోకూడదు. ఇక్కడ రెండంగుళాలు, అక్కడ రెండంగుళాలు వేస్తూ చల్లారనివ్వాలి. ఫ్రేమును ముందే సమతలంగా బిగించుకుని మూలకు మూల కొలిచి రాసిపెట్టుకోకపోతే వేడికి ఎంత వంగిందో తరవాత చెప్పేవారుండరు. ఈ గొడవంతా ఎందుకని షెవర్లే ఎస్-10 పికప్పు ఛాసీ మొత్తాన్ని తెచ్చి పాత బాడీ దానిమీద పెట్టేవారూ వున్నారు. పొడుగు తొట్టి ఎస్-10 వీల్‌బేస్ 117.9 అంగుళాలు, 3100ది 116, దగ్గర దగ్గరే. కాని చక్రాలు మడ్‌గార్డుల లోపలికి పోయి, పెద్దన్నయ్య చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా వుంటుంది బండి.

వెనకభాగంలో ఒక చిక్కు వుంది. 3100లో ప్రొపెల్లర్ షాఫ్టు ఒక గొట్టం లోపల తిరుగుతుంది. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. ఇంజను లాగేటప్పుడు వెనక ఇరుసు తనచుట్టూ తాను మెలితిరగకుండా ఆపేది ఆ గొట్టమే. కొత్త గేరుబాక్సుకు ఆ గొట్టం తగలదు కనుక ఇరుసుతో సహా తీసెయ్యాలి. ఆపైన ఆ మెలిక భారం కమాన్లమీదనో, కొత్తగా వేసే లింకులమీదనో పడుతుంది. షాఫ్టు బయటపడ్డాక యూనివర్సల్ జాయింటు కోణాలు చూడాలి. వంగి తిరిగే ఒక్క జాయింటు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో జాయింటు అదే కోణంలో ఎదురుగా వంగితేనే ఆ హెచ్చుతగ్గులు రద్దవుతాయి. గేరుబాక్సు వెనక్కి 3 డిగ్రీలు వాలితే పినియను ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. కమాన్లున్న బండిలో లాగేటప్పుడు పినియను ఇంకాస్త లేస్తుంది కనుక ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి పెట్టటం అనుభవజ్ఞుల పద్ధతి.

నిష్పత్తి సంగతి కూడా తేల్చుకుందాం. మైళ్ళ వేగాన్ని మొత్తం గేరు నిష్పత్తితో, 336తో హెచ్చించి, అంగుళాల్లో టైరు వ్యాసంతో భాగిస్తే ఇంజను చుట్లు వస్తాయి. 28 అంగుళాల టైరుతో 60 మైళ్ళ దగ్గర పాత ఇంజను 4.11 ఇరుసుతో నిమిషానికి 2,960 చుట్లు తిరగాలి. దాని పూర్తి శక్తి వచ్చేదే 3,300 దగ్గర; పాపం, అది ఎంత రొప్పుతుందో ఊహించుకోవచ్చు. కొత్త ఆటోమాటిక్ గేరుబాక్సు నాలుగో గేరు 0.70, ఇరుసు 3.73 అయితే అదే వేగానికి 1,880 చుట్లు చాలు.

ఇన్ని అయ్యాక ఇంజను దింపటం పెద్ద పని కాదు. పాతది పొడుగు, సన్నం. కొత్తది పొట్టి, వెడల్పు. అందుచేత ఎగ్జాస్టు స్టీరింగు షాఫ్టుకు అడ్డం వస్తుంది, లోతైన ఆయిలు సంపు కొత్త దూలానికి తగులుతుంది. వేరే సంపు వెయ్యాలి. ఇంజెక్షనుకు సుమారు 58 పౌండ్ల వత్తిడితో పెట్రోలు కావాలి కనుక టాంకు మార్చక తప్పదు. ఆ సాకుతో దాన్ని క్యాబిన్‌లోంచి బయటికి తెచ్చెయ్యవచ్చు. వైరింగు 12 ఓల్టులకు కొత్తగా వేసుకోవాలి.

చివరిగా కాగితాల విషయం. ఆ కాలపు బండ్లను అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఇంజను నెంబరుతోనే రిజిస్టరు చేశాయి. అటువంటి బండికి ఇంజను మారిస్తే కాగితం మీది నెంబరు బండిలో వుండదు, ముందుగానే సరిచేయించుకోవాలి. మన దేశంలో సంగతి ఇంకా కఠినం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులకు పరిమితులు పెట్టింది. 2021 జూలైలో వచ్చిన వింటేజి వాహనాల నిబంధనలు యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో వున్న బండ్లకే ఆ గుర్తింపు ఇస్తాయి. ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగితే ఆ గుర్తింపు దక్కదు. ఇక్కడ పాత బండి చేతికొచ్చినవారు గ్యాసుకట్టరు వెలిగించకముందే ఆ నిబంధనలు చదువుకోవటం మంచిది.

విప్పిన పాత ఇంజనును మాత్రం తుక్కుకు వెయ్యకండి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త నూనె పోసి, చేత్తో రెండుచుట్లు తిప్పి, ప్లగ్గులు బిగించి, రంధ్రాలు మూసి, నెంబరు రాసిన రేకుముక్క కట్టి, టార్క్ ట్యూబు ఇరుసుతో బాటు ఒక మూల చెక్కలమీద పెట్టాలి. రేపు ఆ బండి కొన్నవారికి మొదటి పద్ధతిలో బాగుచెయ్యాలని బుద్ధిపుడితే వెతుక్కునేది వాటినే.