టైల్స్ మీద లామినేట్: ముందు చెమ్మ సంగతి చూడండి

ప్రశ్న: మా ఇంట్లో కింది వాటా ముందుగదికి పదిహేనేళ్ల నాటి సిరామిక్ టైల్స్ ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చలికాలం పొద్దున్నే ఆ నేల మీద కాలు పెట్టలేకపోతోంది. టైల్స్ పగలగొట్టకుండా పైనే లామినేట్ ఫ్లోరింగ్ వేయొచ్చంటున్నారు. వేయించమంటారా?
- ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: టైల్స్ పగలగొట్టక్కర్లేదమ్మా, ఆ మాట నిజమే. లామినేట్ పలకలు నేలకు అంటించేవి కావు. ఒకదానికొకటి బిగిసి నేల మీద ఊరికే కూర్చుంటాయి. నా భయమల్లా టైల్స్ కింది చెమ్మ గురించే. మీ గోడలకు కింది అడుగు మేర రంగు పొడిపొడిగా రాలుతోందా? తెల్లగా ఉప్పు పూస్తోందా? అయితే ఆ చెమ్మ టైల్స్ సందుల్లోంచి కూడా పైకొస్తుంది. లామినేట్ లోపల ఉండేది గట్టిగా ఒత్తిన చెక్క పీచు. తడి తగిలితే అంచులు ఉబ్బుతాయి, ఎండినా మళ్లీ దిగవు.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. రెండడుగుల పాలిథిన్ ముక్కను టైల్స్ సందుల మీదుగా పరిచి, నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు కదపకండి. కాలవలకు నీళ్లు వదిలిన రోజుల్లోనే చేయండి. నడివేసవిలో చూస్తే తడి నేల కూడా పొడిగా కనబడి మోసం చేస్తుంది. పాలిథిన్ ఎత్తినప్పుడు అడుగున నీటి బొట్లుంటే లామినేట్ మానుకోండి. రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే ఎస్‌పీసీ పలకలు నీటికి ఉబ్బవు, అవి చూడండి.

పొడిగా ఉంటే మేస్త్రిని పిలవండి. నాణెంతో తట్టితే డొల్లగా మోగే టైల్స్‌ను ముందు సరిచేయించాలి. రెండు మీటర్ల బద్ద పెట్టి చూసినప్పుడు 3 మిల్లీమీటర్లకు మించి పల్లం కనబడకూడదు. పైన 200 మైక్రాన్ల పాలిథిన్, దాని మీద ఫోమ్, ఆ పైన పలకలు. గోడ చుట్టూ 10 మిల్లీమీటర్లు ఖాళీ వదిలించండి. వానాకాలంలో పలకలు సాగుతాయి, చోటు లేకపోతే మధ్యలో పైకి లేస్తాయి. నేల సెంటీమీటరుకు పైగా ఎత్తవుతుంది కాబట్టి తలుపు రెక్కను అడుగున చెక్కించాలి. పలకల పెట్టెలను రెండు రోజుల ముందే ఆ గదిలో ఉంచండి.

ఇక ఆ గదిలో బకెట్ నీళ్లు గుమ్మరించి చీపురుతో కడగడం కుదరదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఇంట్లో అందరూ ఇందుకు ఒప్పుకున్నాకే కొనండి.

ప్రశ్న: మాది మేడ మీద పడకగది. మాకూ ఇదే భయమా?
- ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: నేల చెమ్మ అంత ఎత్తుకు రాదు. నిశ్చింతగా వేయించండి. బాత్రూమ్ గడప దగ్గర మాత్రం నీళ్లు ఇవతలికి రాకుండా కట్టుదిట్టం చేయించండి.

ప్రశ్న: మాది దివిసీమలో లంక గ్రామం. 2024 వరదకు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. లామినేట్ వేయించుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మళ్లీ అలాంటి నీరొస్తే పలకల కిందికి బురద చేరుతుంది, మొత్తం ఊడదీసి పారేయాల్సిందే. టైల్స్ అయితే ఒండ్రు ఎత్తిపోసి కడుక్కుంటే ఆ సాయంత్రానికే కూర్చోవచ్చు. కాళ్లకు చల్లగా ఉంటే మంచం పక్కన చాప వేసుకోండి. నీళ్లొస్తున్నాయని తెలిస్తే చుట్టి అటక మీద పెట్టేయొచ్చు.