ఐదు అయిపోయింది, ఇక ఏ బడి?

ఒక ఊరు ఉందనుకుందాం. గద్వాల వైపు ఊరు. ఊళ్లో ఐదో తరగతి వరకే బడి ఉంది. ఆరు చదవాలంటే ఊరు దాటాలి.

ఆ ఊళ్లో ఎల్లమ్మ అనే తల్లి ఉందనుకుందాం. ఎల్లమ్మ కూలికి పోతుంది. రాత్రి బడిలో చదవడం, రాయడం నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన పేరు పక్కన ఎంత అప్పు రాశారో తనే చూసుకుంటుంది. ఆమె బిడ్డ స్వప్న ఐదో తరగతి. లెక్కలు చకచకా చేస్తుంది. సంక్రాంతి వచ్చింది. ఇంకో మూడు నెలలైతే ఐదు అయిపోతుంది.

"ఆరు ఎందుకే? వానకాలం సీడు పత్తికి పంపుదాం" అన్నాడు భర్త. అన్నాడే కాదు, సీడు రైతు దగ్గర ఐదు వేలు అడ్వాన్సు కూడా తెచ్చాడు. అందులో రెండు వేలు అప్పుడే ఖర్చయ్యాయి.

గద్వాల వైపు ఇది కొత్త మాట కాదు. సీడు పత్తి అంటే విత్తనాల కోసం వేసే పత్తి. సాయంత్రం మొగ్గ ఒలవాలి. తెల్లవారి మగ పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఈ పువ్వుకు రాయాలి. దీన్నే క్రాసింగు అంటారు. ఒక్కొక్క పువ్వుకూ చేత్తోనే చేయాలి. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. ఆడపిల్లల చేతులు చిన్నవి, మొగ్గ నలగదు, అందుకే వాళ్లను పిలుస్తామంటారు. పిల్లలకు కూలి తక్కువ ఇస్తే సరిపోతుందని మాత్రం పైకి అనరు.

బడి జూన్‌లో తెరుస్తారు. క్రాసింగు పని ఆగస్టుకల్లా జోరుగా ఉంటుంది. దానికి పోయిన పిల్ల దసరా తర్వాత బడికి తిరిగొస్తే పాఠం సగం దాటిపోయి ఉంటుంది. సారు చెప్పేది అర్థం కాదు. పక్కపిల్లలు నవ్వుతారు. రెండు రోజులు పోయి మూడో రోజు మానేస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరమని 2016లో చట్టం గట్టిగా చెప్పింది. అయినా అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో చట్టం మాట ఎత్తేదెవరు?

ఎల్లమ్మ ఆ రాత్రి ఏమీ అనలేదు. పండక్కి ఊరికి వచ్చిన పిల్లలను అడిగి చూద్దామనుకుంది. ఒక్కొక్కరూ ఒక్కో బడిలో చదువుతున్నారు. పక్కింటి పిల్ల జడ్.పి. హైస్కూల్‌లో తొమ్మిది. బావగారి బిడ్డ గురుకులంలో ఎనిమిది. వెనక వాడలో ఒక పిల్ల కస్తూర్బా బడిలో ఉంది. మరొక పిల్ల మోడల్ స్కూల్‌కు పోతుంది. కిరాణా కొట్టు వాళ్ల కొడుకు ప్రైవేటు బడికి పోతాడు.

ముందు పక్కింటి పిల్లను అడిగింది.

జడ్.పి. హైస్కూల్ అంటే జిల్లా పరిషత్తు బడి. ఆరు నుంచి పది దాకా ఉంటుంది. ఫీజు లేదు. పుస్తకాలు, రెండు జతల బట్టలు ఊరికే ఇస్తారు. మధ్యాహ్నం అన్నం పెడతారు. చాలా ఊళ్లలో వండేది మన సంఘాల ఆడవాళ్లే. ఊరి బడిలో ఒకే టీచరు అన్నీ చెబుతుంది. ఇక్కడ లెక్కలకు ఒకరు, తెలుగుకు ఒకరు, సైన్సుకు ఒకరు. గంట కొడితే సారు మారతాడు. కొత్తగా ఆరుకు వచ్చిన పిల్లలకు మొదటి నెల ఇదే తికమక. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం కూడా పెట్టారు. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. తల్లి చదివి చెప్పడానికి ఇది బాగానే పనికొస్తుంది.

"అన్నీ బాగనే ఉన్నయి అత్తా. కానీ నెలసరి వచ్చినప్పుడు నేను బడికి పోను" అంది పిల్ల.

"ఎందుకే?"

"బాత్రూముకు గొళ్లెం లేదు. ఒకతి లోపలికి పోతే ఇంకొకతి తలుపు పట్టుకోని నిలబడాలె."

నెలకు నాలుగు రోజులంటే ఏడాదికి ఎన్ని రోజులు పోతాయో ఎల్లమ్మ వేళ్ల మీద లెక్కేసింది. నలభై దాకా వచ్చింది. ఒక గొళ్లెం కోసం నలభై రోజుల చదువు!

ఆ బడి నాలుగు కిలోమీటర్లు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టులో ఇలాంటి పథకమే మొదలైంది. టికెట్టు లేకపోవడం మంచిదే. అయితే బస్సు బడి వేళకు రావాలి కదా. రాని రోజు పిల్లలు నడుస్తారు. ముగ్గురు నలుగురు కలిసి పోతే తల్లికి ధైర్యం. ఒక్కతే అయితే ఆ రోజు బడి లేనట్టే.

తర్వాత బావగారి బిడ్డ వచ్చింది. గురుకులం అంటే అక్కడే ఉండి, తిని, చదివే సర్కారు బడి. మన దగ్గర మొదటి గురుకులం నల్గొండ వైపు సర్వేలులో 1971లో పెట్టారు. పి.వి. నరసింహారావు అప్పుడు ముఖ్యమంత్రి. తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లల కోసం వేరువేరుగా గురుకులాలు వచ్చాయి. మలావత్ పూర్ణ పేరు చాలామంది విని ఉంటారు. ఆమె తల్లిదండ్రులు కూలిపని చేసేవాళ్లు. నిజామాబాద్ జిల్లా తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు కొండ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు.

"పొద్దున ఐదింటికే లేపుతరు చిన్నమ్మా. ఆటలు, స్నానం, చదువు. రాత్రి కూడా చదివిపిస్తరు. టీచర్లు అక్కడనే ఉంటరు, తెల్వకపోతే అడగొచ్చు" అంది బావగారి బిడ్డ.

"ఇల్లు యాదికి రాదా?"

పిల్ల కాసేపు మాట్లాడలేదు. "మొదటి ఏడు రోజూ ఏడ్చిన. జ్వరం వస్తే అమ్మ కావాలనిపిస్తది. ఇప్పుడు అలవాటైంది" అంది.

హాస్టలు ఉన్న బడిలో పిల్లను చేర్పించి మరిచిపోకూడదు. 2024లో తెలంగాణలో కొన్ని హాస్టళ్లలో తిండి పాడై పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. చూడ్డానికి రమ్మన్న ఆదివారం తప్పక పోవాలి. వంటగది చూడాలి, నీళ్లు తాగి చూడాలి. పిల్లను పక్కకు తీసుకుపోయి ఏం తిన్నావు, ఎవరైనా కొట్టారా, ఒళ్లు దురదగా ఉందా అని అడగాలి. టీచరు ముందు అడిగితే పిల్ల బాగానే ఉందని చెబుతుంది.

గురుకులానికి పరీక్ష ఉంటుంది. అది ఐదో తరగతిలో చేరడానికి. అంటే నాలుగు చదువుతున్నప్పుడే రాయాలి. స్వప్నకు ఆ ఏడు దాటిపోయింది. ఎల్లమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆరు నుంచి పై తరగతుల్లో ఖాళీలు ఉంటే వాటికి వేరే పరీక్ష పెడతారు, కానీ సీట్లు తక్కువ. నాలుగో తరగతి పిల్లలున్న తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

నవోదయ సంగతీ ఇంతే. అవి 1986లో మొదలైన కేంద్ర ప్రభుత్వ బడులు. ఎక్కువ సీట్లు పల్లె పిల్లలకే. మూడింట ఒక వంతు ఆడపిల్లలకు ఉంచుతారు. ఐదు చదివే ఏడే, వానకాలంలో దరఖాస్తు పెట్టాలి. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను ఒక ఏడు వేరే రాష్ట్రం పంపుతారు. అది తెలిసే చేర్పించాలి.

వెనక వాడ పిల్ల మాట ఎల్లమ్మను పట్టుకుంది. ఆ పిల్ల ఐదు కాగానే రెండేళ్లు సీడు పత్తిలో చేసింది. తండ్రి పోయాక తల్లి ఆమెను కస్తూర్బా బడిలో వేసింది. ఈ బడులు 2004లో పుట్టాయి. ఆడపిల్లలకే. చదువు మధ్యలో ఆగిన వాళ్లు, తల్లో తండ్రో లేనివాళ్లు, బీద ఇళ్ల పిల్లలు ఇక్కడ ముందు. పరీక్ష లేదు. తిండి, పడక, బట్టలు, పుస్తకాలు అన్నీ బడివే.

"నాకంటె చిన్నోళ్ల పక్కన కూచోవాలంటే సిగ్గయింది. పుప్పొడి రాసీ రాసీ నా వేళ్లకు పెన్ను పట్టుడు రాలేదు. టీచరమ్మ నన్ను ఒక్కదాన్నే సాయంత్రాలు కూచోబెట్టి చెప్పింది" అంది ఆ పిల్ల.

"ఇప్పుడు ఏం చదువుతున్నవ్?"

"పది. ఈసారి పరీక్ష." అంటూనే ఇంకో మాట చెప్పింది. "పోయిన రెండేండ్లు ఎవరిస్తరు అత్తా? నా దోస్తులు ఇంటరులో ఉన్నరు."

మోడల్ స్కూళ్లు 2013లో తెరిచారు. మండలానికి ఒకటి అనుకున్నారు, అన్ని మండలాలకూ రాలేదు. ఆరు నుంచి ఇంటరు దాకా ఒకే చోట, ఇంగ్లీషు మీడియం. ఫీజు లేదు. ఆరులో చేరడానికి పరీక్ష ఉంటుంది. తొమ్మిది నుంచి ఇంటరు దాకా చదివే ఆడపిల్లలకు కొందరికి పక్కనే హాస్టలు ఉంది. పది కాగానే ఇంకో బడి వెతుక్కోనక్కర లేకపోవడం దీనిలో పెద్ద మేలు. ఎన్నో ఊళ్లలో ఆడపిల్ల చదువు పదితోనే ఆగుతుంది, కాలేజీ దూరమని. ఆ పిల్ల చెప్పిన కష్టం ఒకటే: "తెలుగు మీడియం నుంచి పోయిన కదా, మొదటి ఆరు నెలలు చెవిటిదాని లెక్క కూచున్న."

కొట్టు వాళ్ల పిల్లవాడు ఏడింటికే పచ్చ బస్సు ఎక్కుతాడు. టై, బూట్లు, బరువు సంచి. ప్రైవేటు బడిలో అన్నిటికీ డబ్బే. బడి ఫీజు వేరు, బస్సు వేరు, పుస్తకాలు వేరు. కట్టే ముందు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. పది వరకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో అడగాలి. కొన్ని బడులకు ఏడు వరకే ఉంటుంది. పదో తరగతి పరీక్ష వేరే బడి పేరు మీద రాయిస్తారు. ఆ సంగతి చివర్లో తెలిసి తల్లిదండ్రులు లబోదిబోమంటారు. మంచి ప్రైవేటు బడులు లేవని కాదు. అడగకుండా కట్టకూడదు. ఆ పిల్లవాడి అక్క జడ్.పి. హైస్కూల్‌లోనే చదువుతోంది. కొడుకుకు ప్రైవేటు, కూతురికి సర్కారు. ఇలా చేసే ఇళ్లు ఆ ఊళ్లోనే కాదు, అంతటా ఉన్నాయి.

సర్కారు బడి పిల్లలకు ఒక లాభం ఉంది. 2008లో బాసరలో పది పాసైన పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీ పెట్టారు. ఆరేళ్ల ఇంజనీరింగు చదువు. పది మార్కులు చూసి తీసుకుంటారు. హాస్టలు లేని సర్కారు బడిలో చదివిన వాళ్లకు అదనంగా కొంత కలుపుతారు.

ఇన్ని విన్నాక ఎల్లమ్మ బిడ్డను అడిగింది. "నీకు ఏ బడికి పోవాలనుంది?" ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు.

"మోడల్ స్కూల్ పరీక్ష రాస్త. రాకపోతే జడ్.పి. బడికి పోత. హాస్టలు వద్దమ్మా, నాకు భయం" అంది స్వప్న.

భర్తతో మాటకు మూడు రోజులు పట్టింది. "అడ్వాన్సు ఎట్ల కడతవ్?" అన్నాడు. మూడు వేలు మిగిలాయి. రెండు వేలు ఎల్లమ్మ సంఘంలో తీసుకుంది. ఐదు వేలూ తీసుకుపోయి రైతు చేతిలో పెట్టింది. "ముట్టినట్టు రాసియ్యి" అంది. అతను రాశాడు. ఎల్లమ్మ అక్కడే నిలబడి చదివింది. నాలుగు వేలు అని ఉంది. మళ్లీ రాయించింది.

స్వప్న పరీక్ష రాసింది. సీటు రాలేదు. రెండు రోజులు ఏడ్చింది. జూన్‌లో జడ్.పి. హైస్కూల్‌లో చేరింది. ఊరి నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు తోడు దొరికారు. వాళ్ల తల్లులను ఒప్పించడానికి ఎల్లమ్మ నాలుగుసార్లు తిరిగింది.

ప్రతి సర్కారు బడికీ కమిటీ ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. జూలైలో మీటింగు పెట్టారు. హెడ్మాస్టరు గోడ రంగు గురించి, జెండా పండగ గురించి చెప్పాడు. చివర్లో "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాడు.

ఎల్లమ్మ లేచింది. "ఆడపిల్లల బాత్రూముకు గొళ్లెం లేదు సార్" అంది.

మగవాళ్లు తల దించుకున్నారు. వెనక నుంచి ఇంకో తల్లి, "నీళ్లు కూడా లెవ్వు" అంది. రెండూ మీటింగు పుస్తకంలో రాయించారు. రాసింది చదివే ఎల్లమ్మ సంతకం చేసింది. గొళ్లెం వారంలో వచ్చింది. నీళ్ల కోసం ఇంకా రెండు మీటింగులు పట్టింది.