పగటి దీపము – చిన్న కారునకు దాని నమర్చు విధము

మన పాఠశాల పిల్లలలో పెక్కుమంది నడచియో, సైకిలుపైననో, తండ్రి నడుపు మోటారు సైకిలుపైననో బడికి వచ్చుచున్నారు. కొన్ని కుటుంబములలో చిన్న కార్లును చేరినవి. హోసూరు బాటలపై కర్మాగారముల లారీలు, బస్సులు, కార్లు ఒకదాని వెంట నొకటి పోవుచుండును. అట్టి బాటను దాటు పిల్లవానికి మొదట కావలసినది, వచ్చుచున్న బండి సకాలమున కంటబడుట. అందుకు తోడ్పడు ఒక సాధనమును గూర్చియు, దానిని కారునకు అమర్చు పద్ధతిని గూర్చియు ఇచట వివరింతును. ఇందలి విద్యుచ్ఛాస్త్రము పదవ తరగతి పాఠమును మించినది కాదు. కావున తల్లిదండ్రులు దీనిని పిల్లలతో కూర్చుండి చదువుట మేలు.

చూచుటకు దీపము, కనబడుటకు దీపము

బండికి గల దీపములు రెండు తెగలు. హెడ్లైటు త్రోవను చూచుటకు. వెనుకనున్న ఎఱ్ఱ దీపము ఇతరులకు కనబడుటకు. పగటి దీపము ఈ రెండవ తెగకు చెందినది. అది రోడ్డును వెలిగింపదు. పగటివేళ ఎదుటివారికి “ఇదిగో, బండి వచ్చుచున్నది” అని తెలుపుటే దాని పని.

పట్టపగలు దీపమేల యని కొందఱడుగుదురు. బూడిదరంగు కారు తారురోడ్డు రంగులో కలిసిపోవును. ఎండలో నిలిచిన మనిషి చెట్లనీడలోనుండి వచ్చు నల్లని బండిని వెంటనే గుర్తింపలేడు. వాన కురియునప్పుడును, చలికాలపు ఉదయమున మంచు పట్టినప్పుడును ఈ కష్టము మఱింత హెచ్చు. పైగా వచ్చుచున్న బండి దూరమును, వేగమును అంచనా వేయుట చిన్న పిల్లలకు పెద్దలకువలె చేతకాదు. రెండు తెల్లని వెలుగు చుక్కలు కనబడినచో బండి యున్నదని, అది తనవైపే వచ్చుచున్నదని వానికి త్వరగా బోధపడును.

ఇతర దేశముల ఆచారము, మన చట్టము

సూర్యకాంతి తక్కువగా నుండు ఉత్తర దేశములలో ఈ ఆచారము మొదలైనది. ఫిన్లండులో 1972లో చలికాలమున ఊరి వెలుపలి రోడ్లపై పగలును దీపము వెలిగింపవలెనని విధించిరి. స్వీడనులో 1977 నుండి ఏడాది పొడవునను అదే నియమము. కెనడాలో 1989 డిసెంబరు నుండి క్రొత్త బండ్లకు పగటి దీపము తప్పనిసరి యైనది. ఐరోపా సంఘము 2011 ఫిబ్రవరి 7 నుండి క్రొత్తరకము కార్లన్నిటికిని దీనిని విధించినది. మన దేశమున 2017 ఏప్రిల్ 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనముల హెడ్లైటు ఇంజనుతోపాటు తానే వెలుగునట్లు చేసిరి. మీ మోటారు సైకిలు దీపము పగలు కూడ వెలుగుచుండుటకు కారణమిదియే.

కారునకు బజారులో కొన్న దీపము నమర్చుటకు ముందు చట్టమును తలపవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రములోని వివరములకును, తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన వానికిని భేదము కలుగునట్లు బండిని మార్చరాదు. ముందువైపు ఎఱ్ఱని వెలుగు చూపరాదు. మినుకు మినుకుమను దీపములు, నీలిరంగు దీపములు అసలే కూడవు. ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారించి, పిదప పని మొదలుపెట్టుట వివేకము. కారు గ్యారంటీ కాలములో నున్నయెడల కంపెనీ వైర్లను కోయరాదు. కోసినచో ఆ భాగమునకు గ్యారంటీ నిరాకరింపవచ్చును.

విద్యుత్తు లెక్క

పగటి దీపములు నేడు ఎల్.ఇ.డి. రకమువి. ఒక్కొక్కటి 6 వాట్లదని అనుకొందము. రెండింటికి 12 వాట్లు. కారు బ్యాటరీ 12 వోల్టులది. వాట్లను వోల్టులచే భాగింపగా 1 ఆంపియరు వచ్చును. హెడ్లైటులోని హాలొజను బల్బు డిమ్ములో 55 వాట్లు తీసికొనును. రెండింటికి 110 వాట్లు, అనగా 9 ఆంపియర్లకు పైచిలుకు. పగలెల్ల హెడ్లైటు వెలిగించుటకన్న ప్రత్యేక దీపము ఎంత పొదుపో ఈ లెక్కయే చెప్పును.

అయినను ఆ ఒక్క ఆంపియరునే అలక్ష్యము చేయరాదు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియరు-గంటలది యనుకొన్నచో, బండి నిలిపినప్పుడును దీపము వెలుగుచుండిన 35 గంటలలో అది పూర్తిగా ఖాళీ యగును. అంతకు చాల ముందే ఇంజను తిప్పుటకు చాలినంత శక్తి మిగులదు. కావున తాళపుచెవి తిప్పిననే వెలుగునట్లును, తీసిననే ఆరునట్లును దీపమును కలుపవలెను. ఇది మొదటి నియమము.

దీపము నెన్నుకొనుట

ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక కమిషను 87వ నిబంధన ప్రకారము పగటి దీపము తెల్లనిదై, దాని కాంతి 400 నుండి 1200 కాండెలాల మధ్య నుండవలెను. అంతకు తగ్గిన ఎండలో కనబడదు; మించిన ఎదుటివాని కన్ను చెదరును. ఆ నిబంధన ముద్ర గల దీపమునే కొనుడు. దుమ్ము, నీరు చొరకుండుటకు ఐ.పి. 67 అని వ్రాసియున్నది మేలు. ఇంజను తిరుగుచుండగా వోల్టేజి 14 దాటును గనుక, దానికి తాళునదై యుండవలెను.

అమర్చు క్రమము

1. బ్యాటరీ ఋణాగ్రపు వైరును మొదట ఊడదీయుడు. పని ముగిసిన పిదప దానిని కట్టకడపట బిగింపుడు.

2. దీపములు రెండును ఒకే ఎత్తున, బండి నడిమికి సమదూరమున నుండవలెను. నేలనుండి 25 సెంటీమీటర్లకు తగ్గరాదు, 150కి మించరాదు. రెండింటి మధ్య కనీసము 60 సెంటీమీటర్ల ఎడముండవలెను. బంపరునకు రంధ్రము చేయుటకు ముందు దాని వెనుక ఏమున్నదో చూడుడు. రేడియేటరునకు గాలి పోవు మార్గమును మూయరాదు.

3. తాళపుచెవి తిప్పిననే విద్యుత్తు వచ్చు ఫ్యూజును బ్యాటరీ వైరు ఊడదీయుటకు ముందే పరీక్షదీపముతో గుర్తించి, అచటినుండి ప్రత్యేకముగా 3 ఆంపియర్ల ఫ్యూజుతో వైరు తీయుడు. ఫ్యూజు రక్షించునది దీపమును కాదు, వైరును. అందుచే అది విద్యుత్తు బయలుదేరుచోటనే యుండవలెను. పసుపుపచ్చని తొడుగులు గల వైర్లు గాలిసంచులవి, వానిని తాకరాదు.

4. ఆ వైరును అయిదు కాళ్ల రిలేలో 30 అను కాలికి కలుపుడు. 87ఎ అను కాలినుండి దీపములకు వైరు తీయుడు. 86వ కాలికి పార్కింగు దీపపు వైరును, 85వ కాలికి ఎర్తును కలుపుడు. రిలే యనగా ఒక విద్యుదయస్కాంతము. మామూలుగా 30, 87ఎ కలిసియుండును గనుక పగటి దీపము వెలుగును. పార్కింగు దీపము వేసినంతనే అయస్కాంతము పలకను లాగును. ఆ కలయిక తెగి పగటి దీపము ఆరును. హెడ్లైటు వేసినప్పుడు పార్కింగు దీపమును వెలుగును గనుక, రాత్రివేళ పగటి దీపము ఎదుటివారిని బాధింపదు.

5. ఎర్తు వైరును బండి ఉక్కు శరీరమునకు బిగింపవలెను. అచటి రంగును గీకి, బిగించిన పిదప గ్రీసు పూయుడు. పట్టు వదులైన ఎర్తు వలననే సగము చిక్కులు పుట్టును.

6. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదలరాదు. వాననీరు చేరి తుప్పు పట్టును. టంకము వేసి, వేడికి ముడుచుకొను గొట్టము తొడుగుడు. ఇంజను వేడికిని, ఫ్యానుకును, బెల్టుకును దూరముగా ముడుతల గొట్టములో నడిపింపుడు. రేకు రంధ్రములగుండ పోవుచోట రబ్బరు తొడుగు లేక యున్నచో రేకు అంచు వైరును కోయును.

ఈ పని చేయు అలవాటు లేనివారు మంచి ఆటో ఎలక్ట్రీషియనుచే చేయించుకొందురు గాక. అయినను పై యంశములను తెలిసియున్నచో, “ఫ్యూజు ఎచట పెట్టితివి? రిలే వేసితివా?” అని అడుగగలరు. అడుగు యజమాని యెదుట పని చక్కగా సాగును.

సంధ్యవేళ గల అపాయము

అన్నిటికన్న ముఖ్యమైన హెచ్చరిక యిది. పగటి దీపము వెలుగుచుండగా వెనుకటి ఎఱ్ఱ దీపములు వెలుగవు. ముందు వెలుగు కనబడుచున్నది గదా యని నడుపువాడు మరచిపోయి, మునిమాపువేళ అట్లే సాగినచో, వెనుకనుండి వచ్చు లారీకి ఆ కారు కానరాదు. మంచులోను, జడివానలోను ఇదే అపాయము. కాబట్టి వెలుగు తగ్గగనే పార్కింగు దీపముతో ఆగక, చేతితో హెడ్లైటే వేయవలెను. పగటి దీపము నడుపువాని జాగ్రత్తకు తోడు మాత్రమే, బదులు కాదు. అట్లే పిల్లలకును చెప్పుడు: దీపము లేని బండియు రావచ్చును, ఇరుప్రక్కల చూచియే రోడ్డు దాటవలెను.

ఇంటివద్ద అభ్యాసము

1. ఒక్కొక్కటి 9 వాట్ల దీపములు రెండు 12 వోల్టుల బ్యాటరీనుండి ఎన్ని ఆంపియర్లు తీసికొనును? 3 ఆంపియర్ల ఫ్యూజు చాలునా?

2. రిలే 85వ కాలి ఎర్తు ఊడినచో రాత్రివేళ పగటి దీపము ఏమగును? ఎందుచేత?

3. బండ్ల రాకపోకలు లేని ఆవరణలో కారును చెట్టునీడన నిలిపి, ఏబది అడుగుల దూరమున ఎండలో నిలిచి, దీపము వెలిగించియు, ఆర్పియు చూడుడు. కనబడిన భేదమును పిల్లవాడు తన మాటలలో అయిదు వాక్యములుగా వ్రాయవలెను.