పాడి ఆవు: వంశమెంత, దాణా ఎంత?



మన చూలై పక్కనే వేపేరిలో 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల ఉన్నది. దాని ముందు నుండే రోజూ బస్సులో వెళ్ళే మన పిల్లల్లో ఆ చదువు గురించి ఆలోచించేవారు తక్కువ. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పాడి అప్పుల ఫైళ్ళు చూసీ చూసీ ఈ విషయం మీద ఆసక్తి కలిగి, చదివి తెలుసుకున్నది వ్రాస్తున్నాను.

1980ల చివర చిత్తూరు జిల్లాలో ఒకావిడ అప్పు మీద జెర్సీ సంకరజాతి ఆవును కొన్నది. సంతలో 12 లీటర్లన్నారు. ఆమె ఇంట్లో 7 దాటలేదు. ఆవు మంచిదే, తిన్నది మాత్రం వరిగడ్డి, కాస్త తవుడు. దరఖాస్తులో ఆవు జాతికి గడి ఉంది, పాల లీటర్లకు గడి ఉంది, పచ్చిమేత ఎక్కడిదన్న గడి లేదు. చివరకు పెయ్యదూడను అమ్మి వాయిదాలు కట్టింది. మంచి వంశం అలా చేయి దాటిపోయింది.

ఒకే జాతి ఆవుల మధ్య పాల దిగుబడిలో కనబడే తేడాలో సుమారు 25 నుండి 35 శాతమే వంశపారంపర్యం. మిగతాదంతా మేత, నీరు, ఎండ, ఆరోగ్యం, ఎన్నో ఈత అన్నదాని మీద ఆధారపడుతుంది. జాతికీ జాతికీ తేడా వేరే సంగతి. అది తరతరాలుగా మనిషి దేనికోసం ఎంపిక చేశాడన్నదాన్ని బట్టి ఉంటుంది. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి, నెల్లూరు పేరుతోనే నెలోర్ అనిపించుకొని, అక్కడ మాంసానికి పేరు పొందింది. 2002లో శాస్త్రజ్ఞులు డి.జి.ఎ.టి.1 అనే జన్యువు సంగతి ప్రకటించారు. దాని ఒక రూపం పాలలో వెన్న శాతాన్ని పెంచి, పాల పరిమాణాన్ని తగ్గిస్తుంది. వెన్నను బట్టి ధర కట్టే పాలకేంద్రంలో లీటర్లు మాత్రమే చూస్తే లెక్క తప్పుతుందన్నమాట.

ఇక ఈస్టు. రొట్టె పొంగడానికి వాడే జాతిదే. ఆవు పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, గాలి సోకకూడని సూక్ష్మజీవులు గడ్డిని జీర్ణం చేస్తాయి. ప్రతి ముద్దతోనూ కొంత గాలి లోపలికి పోతుంది. బ్రతికున్న ఈస్టు ఆ ప్రాణవాయువును వాడేసుకుంటుంది. దాణా ఎక్కువైనప్పుడు పెరిగే ఆమ్లాన్ని అదుపు చేయడానికీ తోడ్పడుతుంది. ఫలితం ఎంత? బాగా పాలిచ్చే విదేశీ ఆవుల ప్రయోగాల్లోనే సగటున రోజుకు లీటరు లోపు. ఉట్టి వరిగడ్డి మేసే ఆవుకు ఈస్టు పొట్లం మేతకు బదులు కాదు.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఈస్టుకు రోజుకు రూ.8, ఆకలి పెరిగి అదనంగా తినే దాణాకు రూ.5, పాలు లీటరు రూ.35. ఖర్చు రూ.13ను 35తో భాగిస్తే సుమారు 370 మి.లీ. అంతకన్నా ఎక్కువ పెరిగితేనే లాభం. కామర్స్ పిల్లలు దీన్నే మార్జినల్ కాస్ట్ అని చదువుతారు.

ఆ పెరుగుదలను కొలవడం సైన్సు పిల్లల పని. ఈనిన కొన్ని వారాలకు పాలు ఎలాగూ తగ్గుముఖం పడతాయి కాబట్టి ఒక్క ఆవును ముందూ వెనుకా కొలిస్తే చాలదు. అదే ఈత, అదే మేత ఉన్న కొన్ని ఆవులను ఈస్టు లేకుండా పక్కన ఉంచి, రెండు పూటలా పాలు కొలిచి, వెన్న శాతంతో సహా వ్రాసుకోవాలి.